రిమార్కుల గడిలో వెలుగు

సూర్యాపేట నీటిపారుదల ఆఫీసులో మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీస్తుంటే కోదాడ నుంచి ఫోను వచ్చింది. పాత సెక్షన్‌లో నాతో పనిచేసిన వర్క్ ఇన్‌స్పెక్టరు. "మేడం, మన లష్కర్ తాత పోయిండు. నిన్న పొద్దుగాల. మాపటికి మట్టి గూడ అయిపోయింది" అన్నాడు. ఏ లష్కరు అని నేను అడగలేదు. నా ఉద్యోగంలో ఓ ఇరవై మంది లష్కర్లను చూసి ఉంటాను. పేరు చెప్పకుండా లష్కరు అంటే మాకు ఆయనొక్కడే. డబ్బా మూత పెట్టేసి రేపటికి సెలవు రాసిచ్చాను.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. మా కాలువల మీద లష్కరంటే తుపాకీ పట్టేవాడు కాదు, పార పట్టేవాడు. తన వంతు కట్ట పొడవునా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నడవాలి. కాలువ నుంచి పొలాలకు నీళ్ళు వదిలే తూములు చెప్పినప్పుడు ఎత్తాలి, చెప్పినప్పుడు దించాలి. గేజి రాయి మీద నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో చూసి పుస్తకంలో రాయాలి. జీతం గొర్రెతోకంత. తిట్లు మాత్రం పైరైతులవీ, కిందిరైతులవీ, మావీ అన్నీ ఆయనవే.

ఎనిమిదేళ్ళ కింద కోదాడ సెక్షన్‌కు అసిస్టెంట్ ఇంజనీరుగా కొత్తగా వెళ్ళినప్పుడు, మొదటి రోజే ఆయన నా తప్పు పట్టాడు. కట్ట మీద నిలబడి గేజి చూసి అంకె చెప్పాను. ఆయన నా పక్కనే గొంతుక్కూర్చుని, తల నీళ్ళ మట్టానికి దించి, "నిలవడి సూస్తే అర అంగుళం అబద్ధం సెప్తది బిడ్డా. కూసో" అన్నాడు. ఇదే సంగతి కాలేజీ పరీక్షలో ఐదు మార్కులకు బొమ్మ గీసి మరీ రాసిన దాన్ని. కొత్త చుడీదారుతో బురదలో కూర్చున్నాను. ఆయన చెప్పిన అంకే సరైనది.

కట్ట మీద నన్ను బిడ్డా అనేవాడు, ఆఫీసులో మేడం అనేవాడు. గుమ్మం దాటగానే మాట మార్చేవాడు, ఒక్కసారి కూడా పొరబడలేదు. నేను మాత్రం రెండు చోట్లా కాకా అనేదాన్ని.

చెప్పులు ఎప్పుడూ చేతిలో పట్టుకుని నడిచేవాడు. ముళ్ళు గుచ్చుకోవా అంటే, "కట్ట ఏడ సెమ్మగిల్లిందో కాలికి ఎరుక. సెప్పుకేం ఎరుక" అనేవాడు. మాట మధ్యలో ఆగిపోయి, మడమతో నేలను రెండుసార్లు తొక్కి, ఎండ్రికాయ బొక్క పెట్టిన చోటు చూపించేవాడు. నాకు అక్కడ పొడి మట్టే కనిపించేది. తవ్వితే లోపల నీళ్ళుండేవి.

ఆయనకు ఇంకో పట్టింపు ఉండేది. యాసంగిలో, అంటే రబీ పంటకు, నీళ్ళు తక్కువ కాబట్టి వంతులు వేస్తాం. ఒక వారం పైపొలాలకు, ఒక వారం చిలుకూరు దిక్కున్న చివరి పొలాలకు. చివరి పొలాల వారంలో పై తూములన్నీ మూసి ఉండాలి. ఆ వారమంతా ఆయన పైరైతుల ఇళ్ళల్లో చాయ తాగడు. మంచినీళ్ళు కూడా ముట్టడు, సీసా వెంట తెచ్చుకుంటాడు. "చాయ తాగిన నోటితోని లేదనుడు కష్టం బిడ్డా. మొదాలే తాగకపోతే అయిపాయె" అనేవాడు. నేను మాత్రం ఇచ్చినచోటల్లా తాగేదాన్ని. అల్లం వేసిన చాయను వద్దనేంత పట్టుదల నాకు లేదు.

ఇక గేజి పుస్తకం. తేదీ, సమయం, నీటి మట్టం, తూముల స్థితి, చివర రిమార్కులని ఒక గడి ఉంటుంది. జిల్లా మొత్తంలో ఆ గడిలో అందరూ రాసేది ఒకటే మాట, నిల్. ఈయన పుస్తకంలో మాత్రం ఆ గడి చాలక గీతలు దాటి పక్క పేజీలోకి పోయేది. 'ఆరో తూము కాడ నక్క నీళ్ళు తాగింది. కుంటుతున్నది.' 'మామిడాకుల తోరణం కొట్టుకవచ్చింది. పైన ఏడనో పెండ్లి.' 'నీళ్ళు ఎర్రగ ఉన్నయ్. ఎగువకు వాన పడ్డట్టున్నది.' చదివి నవ్వాపుకోలేక, ఇది సర్కారు పుస్తకం కాకా, నీ డైరీ కాదు అన్నాను. ఆయన నవ్వలేదు. "గడి వెట్టిన్రు గద మేడం. ఖాళీ ఉంచితే ఏం సూడలే అన్నట్టు. నేను సూసిన గద" అన్నాడు. అప్పుడు ఆఫీసులో ఉన్నాం కాబట్టి మేడం అన్నాడు.

ఆ యాసంగిలో చివరి పొలాల వారం నడుస్తుండగా, ఒకనాడు పొద్దున పదింటికి రెండు ఆటోల నిండా చిలుకూరు రైతులు మా ఆఫీసుకు వచ్చారు. వరి పొట్టమీదుంది, రాత్రి దాకా నిండుగా పారిన నీళ్ళు పొద్దున్నే అర అడుగు దిగిపోయాయి, పైన ఎవరో తూము ఎత్తారని వాళ్ళ కోపం. పుస్తకం తీయమన్నారు. లష్కరు అప్పుడే నడక ముగించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పుస్తకం నా బల్ల మీద పెట్టి పక్కన నిలబడ్డాడు. వాళ్ళలో చదువుకున్న ఒకాయన గట్టిగా చదివాడు. అక్షరం పొల్లుపోకుండా నాకు ఇప్పటికీ గుర్తుంది.

'పొద్దు బారెడెక్కినంక తొమ్మిదో తూము కాడ అడవిల నుంచి ఒక వెలుగు వచ్చింది. పెద్ద వడ్లకుప్పంత ఉన్నది. ఇత్తడి రంగు. సప్పుడు లేదు. మోదుగు చెట్ల మీద తాడెత్తున నిలవడ్డది. భూమికి ఆనలే. దాని ఎదురుంగ కాలువల నీళ్ళు పారుడు బందయింది. గేజి అర అడుగు దిగింది. తూములన్నీ మూసే ఉన్నయ్. నూరు అడుగులు నడిచేంత సేపు ఉండి గుట్టల దిక్కు పోయింది. మళ్ళ నీళ్ళు పారినయ్ గని, దిగిన అర అడుగు రాలే. ఏందో తెల్వదు.'

చదివినాయన పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు. వెనక నుంచి ఒకతను, "నీళ్ళు అమ్ముకునేటోడు గిన్ని కతలు పడుడెందుకు, పైసలు తీసుకున్న అంటే అయిపోతుండె గద" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఆ మంట వాళ్ళ మీద కాదు, ఆయన మీద. తూము కారిందనో, చెత్త అడ్డుపడిందనో రాస్తే ఎవరు కాదనేవాళ్ళు? ఆ కాలువ మీద నీళ్ళు దొంగిలించని వాడని పేరున్న ఒకే ఒక్క మనిషి, ఆ పేరును తన చేత్తోనే, తన రాతతోనే పోగొట్టుకుంటున్నాడు.

సాయంత్రం ఆయన్ని బండి మీద ఎక్కించుకుని తొమ్మిదో తూము దగ్గరికి వెళ్ళాను. అక్కడ కాలువ ఒక గుట్టను చుట్టి వస్తుంది. ఒడ్డుకు అవతల మైలున్నర అడవి, పెద్దదేం కాదు. మోదుగులు, తునికి చెట్లు, మధ్యలో సర్కారు తుమ్మ. ఆయన చెప్పులు చేతపట్టుకుని ముందు నడిచాడు. చెట్ల మధ్య ఖాళీ జాగాలో ఆగాడు.

మోకాలెత్తు గడ్డి గుండ్రంగా పడుకుని ఉంది. ఆయన అప్పటికే అడుగులతో కొలిచాడట, ఇరవై రెండు. గాలికి పడిందేమో అనుకున్నాను, కానీ చుట్టూ ఉన్న గడ్డి నిటారుగా ఉంది. నిప్పుకు కాలిందా అంటే పచ్చగానే ఉంది. సుడిగాలైతే మెలికపడాలి, ఇది మాత్రం దువ్వెనతో దువ్వినట్టు అంతా ఒకే దిక్కుకు ఒరిగి ఉంది. కూర్చుని చెయ్యి పెట్టి చూశాను. చల్లగా, మామూలుగా ఉంది. నేను చదువుకున్న లెక్కలేవీ దానికి సరిపోలేదు.

"భయం కాలేదా కాకా?"

ఆయన కొంచెం ఆలోచించాడు. "కాలే బిడ్డా. పొలమంత తడిసినంక గట్టు మీద కూసుంటం సూడు, గట్ల అనిపిచ్చింది. కొంగలు గూడ లేవలే. ఆడనే నిలవడి సూసినయ్."

"దేవుడనుకున్నవా?"

"దేవుడైతే ఏదన్న సెప్పిపోడా? ఏం సెప్పలే. వచ్చింది, పోయింది."

మూడో రోజు డివిజన్ నుంచి పెద్ద సారు విచారణకు వచ్చాడు. తొమ్మిదో తూము కింద పొలమున్న రైతును పిలిపించారు. అతనిది పై రైతుల వంతు, ఆ వారం నీళ్ళు లేక పొలం నెర్రెలిచ్చింది. అనుమానం వస్తే మొదట అతని మీదే రావాలి. అతను చేతులు కట్టుకుని, "పొద్దుగాల తూము కాడ లష్కర్ ఒక్కడే ఉండె సారూ. నేను ఎనుక మా పొలంలనే ఉన్న. వెలుగు లేదు గిలుగు లేదు. ఆయనేం జేసిండో ఆయనకే తెల్వాలె" అన్నాడు. లష్కరు అతని ముఖంలోకి కాసేపు చూశాడు. కోపంగా కాదు, గేజి చూసినట్టు చూశాడు. సారు "నువ్వేమంటవ్?" అని అడిగితే, "రాసిన గద సార్" అన్నాడు, అంతే.

ఆ మధ్యాహ్నం నేను ఒక కాగితం తయారుచేశాను. తొమ్మిదో తూము షట్టరుకు రబ్బరు అరిగి నీళ్ళు కారాయి, లష్కరు గమనించలేదు, ఇకమీదట జాగ్రత్తగా ఉంటాడు. ఆయన సంతకం పెడితే ఒక మందలింపుతో పోయేది. పెట్టకపోతే, ఔట్‌సోర్సింగ్ మనిషి కాబట్టి మరుసటి నెల జాబితాలో పేరుండదు. నేను చాలా మంచి పని చేస్తున్నాననుకుని, పెన్ను మూత తీసి మరీ ఇచ్చాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "రబ్బరు మంచిగనే ఉన్నది గద మేడం. సంక్రాంతి ముందే కదా ఏసినం, మీరు, నేను."

"నాకెరుకే కాకా. సంతకం వెట్టు. కొలువు పోతది."

"కొలువు పోతే ఇంకోటి సూసుకుంట. గిది వెడితే రేపు గేజి ఏం రాసినా నాకే నమ్మబుద్ధి గాదు." కాగితాన్ని మడవకుండా, నలగకుండా నా ముందు పెట్టి, పెన్నుకు మూత పెట్టి ఇచ్చాడు.

నేను ఇంకో కాగితం రాయాల్సి వచ్చింది, విచారణ నివేదిక. 'లష్కరు ఇచ్చిన వివరణ నమ్మదగినదిగా లేదు' అని రాశాను. ఆ వాక్యం నాదే, ఎవరూ చెప్పి రాయించలేదు. అడవిలోకి వెళ్ళానని రాయలేదు. గడ్డి రాయలేదు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి ఆరు నెలలైంది. గడ్డి సంగతి రాస్తే ఆయన్ని చూసి నవ్విన నోళ్ళే నన్ను చూసి నవ్వుతాయని భయపడ్డాను. ఈ ముక్క ఇన్నేళ్ళలో మా ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పలేదు.

తర్వాత రెండేళ్ళకేమో, సూర్యాపేటలో పని చూసుకుని మిర్యాలగూడలో మీటింగుకు పోతుంటే వేములపల్లి దాటాక వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి మా బండి ఆగిపోయింది. పక్కనే ఒక రైసుమిల్లు. గేటు లోపల ఆరబోసిన వడ్ల మీద ఒకాయన చెప్పులు చేతపట్టుకుని నడుస్తున్నాడు. వెనక నుంచే గుర్తుపట్టాను. కొలువు పోయాక మిల్లు కాపలాకు చేరాడట. వడ్లు ఆరాయో లేదో కాలితోనే చెప్పేస్తున్నాడని షావుకారు మురిసిపోతున్నాడు.

నన్ను చూసి గేటు దాకా వచ్చాడు. మిల్లా, రోడ్డా, ఏ లెక్కన చూశాడో గాని బిడ్డా అనే పిలిచాడు. లోపలి హమాలీలు ఆయన్ని ఊరికే వదలరని అర్థమైంది. "తాతా, నీ ఇమానం మళ్ళెప్పుడొస్తది?" అని ఒకతను బస్తా మీద నుంచే కేకేశాడు. "మొదాలు నన్నడిగి వచ్చిందా, మళ్ళ అడుగుతానికి?" అన్నాడు ఈయన. వాళ్ళూ నవ్వారు, ఈయనా నవ్వాడు. యూట్యూబ్ వాళ్ళు కూడా వచ్చి పోయారట. పెద్ద తలకాయల మనుషులు దిగారని చెప్పమన్నారట. "మనుషుల్ని నేను సూడలే అన్న. జర సూసిన్నని అను తాతా, నీ పేరు దేశమంత తెలుస్తది అన్నరు. సూడలే గద అన్న. కెమెరా సంచిల వెట్టుకోని పోయిన్రు." వాళ్ళ పని చెడగొట్టినందుకు కొంచెం నొచ్చుకున్నట్టే ఉంది ఆయన మాట.

మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. చెప్పాడు. వడ్లకుప్పంత, ఇత్తడి రంగు, తాడెత్తు, నూరు అడుగుల సేపు. అబద్ధమైతే రెండేళ్ళలో ఎంతో కొంత పెరిగి ఉండేది. మా మేనమామ చూసిన పాము ఏడాదికో మూర పెరిగేది. ఈయన వెలుగు ఒక్క అంగుళం పెరగలేదు.

"కాకా, ఆ నివేదికల నేను..." అని మొదలుపెట్టాను.

"తొమ్మిదో తూముకు కుడిదిక్కు కట్ట సెమ్మగుండె బిడ్డా. సూపిచ్చినవా ఎవరికన్న?" అన్నాడు.

చూపించలేదు. చూపిస్తానన్నాను. ముందున్న ట్రాక్టరు కదిలింది, మా డ్రైవరు హారన్ కొట్టాడు. నా క్షమాపణ నా నోట్లోనే ఉండిపోయింది. ఆ వారమే కట్ట తవ్వించి చూస్తే చేయి పట్టేంత బొక్క ఉంది. అది పూడ్పించి, అంతటితో ఆయన రుణం తీరినట్టే అని నాకు నేను చెప్పుకున్నాను. మళ్ళీ ఆయన్ని చూడలేదు. సూర్యాపేటకూ మిర్యాలగూడకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో, ఆ మిల్లు వచ్చినప్పుడల్లా ఫోను చూసుకునేదాన్ని.

మొన్న ఫోను వచ్చిన మరునాడు వాళ్ళ ఊరికి వెళ్ళాను. చిన్న రేకుల ఇల్లు. ముందు వేసిన గుడారం ఇంకా తీయలేదు. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఒక్కదాంట్లో ఒక మనిషి తల వంచుకుని కూర్చున్నాడు. దగ్గరికి వెళ్ళాక పోల్చుకున్నాను. విచారణలో చేతులు కట్టుకుని నిలబడ్డ తొమ్మిదో తూము రైతు. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి లేచాడు. లష్కరు భార్య గడపలో కూర్చుని ఉంది. నేను ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

ఎవరూ ఏమీ అడగకుండానే అతను మాట్లాడాడు. ఆమెతో కాదు, నాతో. ఆమెకు చెప్పడానికి ధైర్యం చాలక నన్ను అడ్డం పెట్టుకున్నాడని తర్వాత అర్థమైంది.

"మేడం, ఆనాడు నేను పొలంల లేను. తూము కాడనే ఉన్న. సేను ఎండిపోతున్నది, షట్టర్ ఎత్తుదమని గడ్డపార తెచ్చిన. కింద ఆనిచ్చిన, అంతే, ఎత్తలే. అప్పుడే అది వచ్చింది. ఆయన రాసినట్టే. అట్లనే ఉండె, ఇత్తడి లెక్క. నేను గడ్డపార ఆడనే ఇడిసివెట్టి ఉరికిన. ఆయన కట్ట మీద నిలవడ్డడు. నన్ను సూసిండు. ఉరుకకు, ఏం గాదు అని సెయ్యెత్తిండు గూడ."

ఆయన నక్కను రాశాడు, మామిడాకు తోరణాన్ని రాశాడు. ఈ మనిషిని రాయలేదు. రాసి ఉంటే ఆ వెలుగుకు రెండో సాక్షి ఉండేవాడు, ఆయన కొలువూ పేరూ నిలిచేవి. ఇతని మీద నీళ్ళ దొంగతనం కేసు పడేది. ఎండిన పొలాన్ని, ఉరుకుతున్న మనిషిని చూసి, ఆ ఒక్క సంగతికి ఆయన గడి ఖాళీగా వదిలేశాడు.

"అందరి ముంగట అబద్ధమాడిన" అన్నాడు అతను. "ఇయ్యాల సెప్త, రేపు సెప్త అనుకుంటనే ఉన్న."

లష్కరు భార్య లేచి లోపలికి వెళ్ళింది. తలుపు వెనక నుంచి గడ్డపార తెచ్చి అతని ముందు గోడకు ఆనించింది. దానికి ఎక్కడా తుప్పు లేదు.

"ఏడాదికోసారి నూనె రాసేటోడు" అందామె. "ఇది ఆయనది, ఆయనే వస్తడు, అడిగినప్పుడు ఇయ్యి అన్నడు. నేనే పోయి ఇచ్చొస్త అంటె ఒద్దన్నడు. నువ్వు ఇచ్చొస్తె ఆయనకు సిగ్గయితది అన్నడు."

అతను గడ్డపారను ముట్టుకోలేదు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని అక్కడే నేల మీద కూలబడ్డాడు. అతన్ని చూసి నాకు కోపం రావాలి. ఏ ముఖం పెట్టుకుని కోపం తెచ్చుకోను?

"అమ్మా, ఆ గడ్డి నేను గూడ సూసిన" అన్నాను. "సెయ్యి వెట్టి సూసిన. రాయలే."

"ఎరుకే బిడ్డా. సెప్పిండు."

"వచ్చి ఆయనకు సెప్పాల్నని ఎన్నిసార్లు అనుకున్ననో."

ఆమె నా వైపు తిరిగింది. ఆ ముఖంలో నిష్ఠూరం లేదు. చెంగుతో కళ్ళు తుడుచుకుని, నా చేతిమీద చెయ్యి వేసి మెల్లగా అంది.

"మొన్నటిదాక ఉండె గద బిడ్డా."